ఇష్టానికి ఇరవై వాక్యాలు

నాలుగేళ్ళ క్రితం అమెరికాలో ఒక ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు నా పక్క సీట్లో చెంగ్డూ నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. కోడ్ రివ్యూలో చిన్న కామెంట్ కూడా వదిలేవాడు కాదు. ఒకరోజు లంచ్ దగ్గర ఫోన్ నా ముందుకి జరిపి, "ఇది మంచి జవాబే కదా?" అన్నాడు. వారాంతాల్లో తనతో బోర్డు గేమ్స్ ఆడే ఒక అమెరికన్ అమ్మాయికి "ఐ లైక్ యూ" అని మెసేజ్ పెట్టాడట. ఆమె ఇలా రాసింది: "యూ ఆర్ సో స్వీట్. ఐ యామ్ రియల్లీ ఫాండ్ ఆఫ్ యూ టూ."

వాడి మొహం వెలిగిపోతోంది. ఎందుకంటే వాడి దగ్గర ఒక జాబితా ఉంది. చైనీస్ మాట్లాడేవాళ్ళ కోసం తయారుచేసిన ఇంగ్లీషు పాఠం అది. ఇష్టాన్ని చెప్పడానికి ఇరవై వాక్యాలు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు చైనీస్. 'లైక్' మొదటి మెట్టు, 'ఫాండ్ ఆఫ్' దాని పైమెట్టు, అలా అలా చివరికి 'లవ్'. తను ఒక మెట్టు ఎక్కితే ఆ అమ్మాయి రెండెక్కి నిలబడింది. జాబితా ప్రకారం లెక్క సరిపోయింది.

నాకు మాత్రం ఆ మెసేజ్ చదవగానే "కాదు" అని వినిపించింది. నవ్వుతూ, నొప్పించకుండా చెప్పిన కాదు. ఎలా తెలిసిందంటే చెప్పలేను. ఏవో నవలలు, ఏవో సీరియళ్ళు. తెలిసింది, అంతే. కానీ వాడికి చెప్పలేదు. "బానే ఉంది" అని అన్నం కలుపుకున్నాను. మూడు వారాల తర్వాత ఆమె ఇంకొక అబ్బాయితో సినిమాకి వెళ్తూ వాణ్ణి కూడా రమ్మని పిలిచింది, ఫ్రెండ్‌గా. అప్పుడు వాడు నన్నడిగాడు: "మరి ఫాండ్ అంది కదా?"

అప్పట్నుంచి నాకు ఈ జాబితాల మీద కోపం. ఆ కోపంలో నా వంతు సిగ్గు కూడా కొంత ఉందనుకోండి. కానీ కోపానికి కారణాలున్నాయి, అవే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

నా వాదన ఇది. చైనీస్ వాళ్ళకి ఇంగ్లీషులో ఇష్టం, ఆప్యాయత చెప్పడం నేర్పే ఈ తరహా పాఠాలు రెండు అబద్ధాలు చెప్తాయి. మొదటిది ఇంగ్లీషు గురించి: ఆ భాషలో ఆప్యాయత అంతా ప్రకటనల్లోనే ఉంటుందని, వాటిని వరసగా మెట్లుగా పేర్చవచ్చని. రెండోది చైనీస్ గురించి: అలాంటి ప్రకటనలు వాళ్ళు ఇళ్ళల్లో చెయ్యరు కాబట్టి వాళ్ళకి ఆప్యాయతకి భాషే లేదని. మొదటి అబద్ధం వల్ల నా పక్కసీటువాడు మూడు వారాలు ఆశపడ్డాడు. రెండోదాని వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ జాబితా సంగతి చూద్దాం. అందులో ఏముంటాయో మీరూ ఊహించగలరు. ఐ ఫ్యాన్సీ యూ. ఐ హావ్ ఎ క్రష్ ఆన్ యూ. ఐ యామ్ ఇంటూ యూ. ఐ హావ్ ఫీలింగ్స్ ఫర్ యూ. ఐ యామ్ ఫాలింగ్ ఫర్ యూ. ఐ అడోర్ యూ. వీటి మధ్యలో, ఏ హెచ్చరికా లేకుండా, ఐ హావ్ గాట్ ద హాట్స్ ఫర్ యూ. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకదాని పక్కన ఒకటి, పచారీ కొట్లో పప్పుల డబ్బాల్లాగా.

'ఫ్యాన్సీ' బ్రిటన్‌లో రోజూ వాడే మాట. అమెరికాలో అంటే నాటకం వేస్తున్నాడనుకుంటారు. 'క్రష్' ఎక్కువగా మూడోమనిషితో చెప్పుకునే మాట. "నాకు ఫలానా అతని మీద క్రష్" అని స్నేహితురాలికి చెప్తారు. ఆ ఫలానా అతనికే సూటిగా చెప్తే ఏదో స్కూలు పిల్లల వ్యవహారంలా ఉంటుంది. 'అడోర్' అనేది మనవడి గురించి అమ్మమ్మా అంటుంది, షాపులో చెవిపోగుల గురించి అమ్మాయిలూ అంటారు. 'హాట్స్' అనేదాన్ని ఆఫీసులో ఎవరితోనైనా అంటే జవాబు ఆమె దగ్గర్నుంచి రాదు, హెచ్ఆర్ నుంచి వస్తుంది. ఇక మన 'ఫాండ్'. మామూలుగా చాలా మంచి మాట. పాత టీచర్ గురించి, పక్కింటి పిల్లి గురించి, ముప్పై ఏళ్ళు కాపురం చేసిన భర్త గురించి కూడా అనొచ్చు. కానీ ఎవరైనా వచ్చి ప్రేమ ప్రకటించినప్పుడు జవాబుగా అంటే, దాని వెనక 'కానీ' అనే మాట పైకి అనకుండానే ఉండిపోతుంది. 'ఐ కేర్ అబౌట్ యూ' కూడా అంతే. వాక్యం మారలేదు, అర్థం తలకిందులైంది. ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు జవాబిస్తున్నారు అనేదాన్ని బట్టి మారింది. ఆ సంగతి రాయడానికి జాబితాలో గడే లేదు.

నా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది డాక్యుమెంటేషన్ లేని ఫంక్షన్ల లైబ్రరీ. పేర్లున్నాయి. ఏది పిలిస్తే ఏం జరుగుతుందో, ఏం తిరిగి వస్తుందో, తప్పు జరిగితే ఎలా వెనక్కి రావాలో ఎక్కడా ఉండదు. ఇలాంటి లైబ్రరీని ప్రొడక్షన్‌లో వాడతానంటే ఏ టీమ్ లీడూ ఒప్పుకోడు. మనుషుల మనసుల మీద మాత్రం వాడొచ్చట.

ఇప్పుడు కుడివైపు గడి. దాదాపు ప్రతి వాక్యం పక్కనా ఉండే చైనీస్ మాట 'షీహ్వాన్'. ఇష్టపడటం. నూడుల్స్‌కీ అదే, నచ్చిన మనిషికీ అదే. చివరి వాక్యం పక్కన 'ఆయ్'. మన గోదారోళ్ళ ఆయ్ కాదండీ, ప్రేమ. 'వో ఆయ్ నీ' అంటే నేను నిన్ను ప్రేమిస్తున్నాను. లైక్‌కి షీహ్వాన్, లవ్‌కి ఆయ్. చక్కగా జోడీ కుదిరినట్టు కనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. 'వో షీహ్వాన్ నీ' అనే వాక్యంలో కర్త, క్రియ, కర్మ, అన్నీ ఇంగ్లీషు వరసలోనే ఉంటాయి. తడబడే అవకాశం లేదు కాబట్టి ఆగి ఆలోచించే అవకాశమూ లేదు.

చైనాలో కుర్రకారు మధ్య 'వో షీహ్వాన్ నీ' అనేది చిన్న మాట కాదు. దానికో పేరుంది, 'బ్యావ్‌బై'. మనసులో మాట బయటపెట్టడం. అవతలివాళ్ళు సరేనంటే ఆ రోజు నుంచి ఇద్దరూ జంట. ఆ తారీఖు గుర్తుపెట్టుకుంటారు. అమెరికాలో వ్యవహారం వేరేలా నడుస్తుంది. రెండు కాఫీలు, ఒక సినిమా, ఇంకో రెండు కాఫీలు, ఎక్కడో మధ్యలో "మనం అసలు ఏంటి?" అనే ఒక ఇబ్బందికరమైన సంభాషణ. అక్కడ 'ఐ లైక్ యూ' అనేది మొదటి రోజే అనగలిగిన తేలిక మాట. అంటే మావాడు తన లెక్కలో పెళ్ళిచూపులంత పెద్ద అడుగు వేశాడు, ఆ అమ్మాయికి చేరింది మాత్రం "నువ్వు మంచిదానివి" అన్నంత చిన్న మాట. ఆమె జవాబు కూడా అంతే తేలిగ్గా ఇచ్చింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. మధ్యలో ఇద్దరికీ తర్జుమా చేసిపెట్టిన ఆ రెండు గడుల బల్లది తప్పు.

మెక్‌డొనాల్డ్స్ వాళ్ళకి కూడా ఈ బరువుల తేడా తెలుసు. 2003లో 'ఐ యామ్ లవిన్ ఇట్' అనే నినాదం పెట్టినప్పుడు చైనాలో దాన్ని 'ఆయ్'తో చెప్పలేదు. 'వో జ్యో షీహ్వాన్' అన్నారు. నాకిది ఇష్టం, అంతే అని. బర్గర్ మీద 'ఆయ్' అతకదని వాళ్ళకి తెలిసింది. బర్గర్లు అమ్మేవాళ్ళు పాటించిన జాగ్రత్త భాష నేర్పేవాళ్ళు పాటించకపోతే ఎలా?

మనకి ఈ గొడవ కొంత బయటినుంచి, కొంత లోపలినుంచి అర్థమవుతుంది. తెలుగులో 'నేను నిన్ను ఇష్టపడుతున్నాను' అనేది వ్యాకరణం ప్రకారం ఒప్పే, కానీ మనిషి నోటి నుంచి వచ్చేది 'నాకు నువ్వంటే ఇష్టం', లేదా 'నాకు నువ్వు నచ్చావు'. ఆ రెండో వాక్యంలో కర్త నేను కాదు, నువ్వు. నచ్చడం నువ్వు చేశావు, నాకు జరిగింది. విచిత్రం ఏంటంటే ఒకప్పుడు ఇంగ్లీషు కూడా ఇలాగే ఉండేది. పాత ఇంగ్లీషులో 'లైక్'కి మూలమైన 'లీకియన్' అనే క్రియకి అర్థం నచ్చడం, సంతోషపెట్టడం. వస్తువు మనిషికి నచ్చేది. మధ్యయుగాల చివరికొచ్చేసరికి మెల్లగా మనిషి కర్త స్థానంలోకి వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు ఇంగ్లీషులో ఇష్టం అనేది నేను చేసే పని. ఏ భాషా పుట్టుకతోనే మనసు విప్పి మాట్లాడే భాష కాదని చెప్పడానికి ఈ చిన్న చరిత్ర చాలు.

అసలు చైనీస్‌లో ఈ విషయానికి మాటలు తక్కువా? 'హావ్‌గాన్' అని ఒకటుంది. ఒక మనిషి మీద కలిగే తొలి మంచి భావన, ఇంకా ఇష్టం దాకా రానిది. 'దోంగ్‌షిన్' అంటే మనసు కదలడం. 'అన్‌లియెన్' అంటే పైకి చెప్పకుండా ఏళ్ళ తరబడి లోపల దాచుకునే ప్రేమ. జాబితాలు దీనికి ఎదురుగా 'క్రష్' అని రాస్తాయి. సముద్రానికి ఎదురుగా స్విమ్మింగ్ పూల్ అని రాసినట్టు. 'థంగ్' అనే మాటకి రెండర్థాలు: నొప్పి పుట్టడం, గారాబంగా చూసుకోవడం. అమ్మమ్మ మనవణ్ణి 'థంగ్' చేస్తుంది. 'షిన్‌థంగ్' అంటే అవతలివాళ్ళ కష్టం చూసి మనకి గుండెలో నొప్పి రావడం. దీన్ని ఇంగ్లీషులోకి 'ఐ ఫీల్ సారీ ఫర్ యూ' అని మార్చి చెప్తే జాలిగా మారిపోయి అవతలివాళ్ళకి కోపం తెప్పిస్తుంది. తెలుగువాడికి మాత్రం వివరించక్కర్లేదు. కడుపు తరుక్కుపోవడం అంటే చాలు.

ఇంకో మాట 'సాజ్యావ్'. నిఘంటువులు దీని దగ్గరికొచ్చి చెమటలు కక్కుతాయి. ముద్దుగా అలగడం, గొంతు సాగదీసి అడగడం, తనని బుజ్జగిస్తారన్న నమ్మకంతో చేసే పేచీ అని రాసుకుంటూ పోతాయి. మనకి ఒక్క ముక్క: గారాలు పోవడం. మా పక్కసీటువాడికి నేనిది చెప్పినప్పుడు, మీ భాషలో ఇలాంటి మాట ఉందా అని నిజంగా సంతోషపడ్డాడు. ఇంగ్లీషులో దానికి సరిపోయే ఒక్క మాట నాకింతవరకూ దొరకలేదు. దీన్నిబట్టి ఇంగ్లీషువాళ్ళకి గారాలు పోవడం రాదని ఎవరైనా వ్యాసం రాస్తారా? రాయరు. చైనీస్ వాళ్ళ గురించి మాత్రం రాస్తారు.

ఇక రెండో అబద్ధం. కొన్నేళ్ళ క్రితం చైనా టీవీలో వచ్చిన కొన్ని వీడియోలు బాగా తిరిగాయి. కాలేజీ పిల్లలు ఇంటికి ఫోన్ చేసి అమ్మతోనో నాన్నతోనో మొదటిసారి 'వో ఆయ్ నీ' అంటారు. అవతల పెద్దవాళ్ళు తికమకపడతారు. తాగావా, ఏమైంది అని కంగారుగా అడిగినవాళ్ళూ ఉన్నారు. అందరూ నవ్వుకున్నారు. తర్వాత, పాపం చైనీస్ తల్లిదండ్రులకి ప్రేమని చెప్పడం రాదు, వినడమూ రాదు అని విశ్లేషణలు. నాకు ఆ కంగారులో వేరే వినిపిస్తుంది. వేళకాని వేళ పిల్లాడు ఫోన్ చేసి, ఎప్పుడూ అనని మాట అంటే, వాడికేదో అయిందని భయపడటం ప్రేమ లేకనా? ఆ భయమే వాళ్ళ జవాబు. కెమెరా వెనక ఉన్నవాళ్ళకి అది జవాబులా కనిపించలేదు, ఎందుకంటే వాళ్ళు ఎదురుచూస్తున్నది 'ఐ లవ్ యూ టూ' అనే ఒక్క ఇంగ్లీషు సీరియల్ డైలాగు కోసం.

ఇదే ధోరణిలో ఇంకో అరిగిపోయిన మాట ఉంది. 1950లలో చైనా లిపిని సులభం చేసినప్పుడు 'ఆయ్' అక్షరం మధ్యలో ఉండే గుండె గుర్తు ఎగిరిపోయిందని, అందుకే వాళ్ళ ప్రేమలో గుండె లేదని. వినడానికి బావుంటుంది. ఆ లెక్కన పాత లిపినే వాడే తైవాన్, హాంకాంగ్‌లలో పొద్దున్న లేస్తే అందరూ కౌగిలించుకుంటూ ఉండాలి. మనుషుల మనసుని అక్షరాల గీతల్లోంచి చదవడం జాతకాలు చెప్పడం లాంటిది. అక్షరంలో గుండె వెతికేవాడు పళ్ళెంలో వెతకడు.

పళ్ళెం అని ఊరికే అనలేదు. మానవశాస్త్రవేత్త సులమిత్ పాటర్ గ్వాంగ్‌డాంగ్ పల్లెల్లో తిరిగి 1988లో ఒక వ్యాసం రాశారు. అక్కడ మనుషులు బంధాన్ని ఉద్వేగాల ప్రదర్శనతో కాకుండా పనితో, ఒకరి కోసం ఒకరు పడే శ్రమతో చూపిస్తారని ఆమె గమనించారు. దాని నుంచి ఆమె తీసిన పెద్ద నిర్ణయాలతో గొడవ పెట్టుకోవచ్చు. గమనిక మాత్రం మన ఇళ్ళలో కూర్చుని చదివినా నిజమే అనిపిస్తుంది. మా అమ్మకి వాట్సాప్‌లో "లవ్ యూ అమ్మా" అని పెడితే "సరే, పప్పు ఫ్రిజ్‌లో పెట్టుకో, పాడైపోద్ది" అని వస్తుంది. నా ఇరవైల్లో ఇది చూసి నవ్వేవాణ్ణి. స్నేహితులకి స్క్రీన్‌షాట్ పంపేవాణ్ణి. నేనూ ఆ జాబితా చదివినవాణ్ణే కదా, వేరే పేరుతో.

ఇంతవరకూ చదివి, "అయితే ఏంటి, ఇంగ్లీషులో ప్రేమ చెప్పుకోవడం మానెయ్యమంటావా, అందరూ భోజనం వడ్డించుకుంటూ మౌనంగా బతకాలా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. మౌనాన్ని పూజించడం కూడా నాకు చిరాకే. చైనీస్ అమ్మాయిలే దీనిమీద జోకులు వేసుకుంటారు. ఒంట్లో బాలేదని చెప్తే బాయ్‌ఫ్రెండ్ చెప్పే ఏకైక మాట 'వేడినీళ్ళు ఎక్కువ తాగు' అని. అది అక్కడ ఇంటర్నెట్‌లో పెద్ద వెటకారం. ప్రతి వేడినీళ్ళ గ్లాసులోనూ ప్రేమ ఉండదు. కొన్నిట్లో వేడినీళ్ళే ఉంటాయి.

అప్పు తెచ్చుకున్న మాటలు మనుషుల్ని విడిపించిన సందర్భాలూ ఉన్నాయి. చైనాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో 'లియెన్‌ఆయ్', అంటే స్త్రీపురుషుల ప్రేమ అనే మాట కొత్త అర్థంతో చలామణిలోకి వచ్చింది. యూరప్ భాషల ప్రేమకి జపాన్‌లో కుదిరిన అనువాదం అది, అక్కణ్ణుంచి చైనాకి చేరింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి వద్దనడానికి యువతకి ఆ మాట ఆయుధమైంది. దాన్ని నేను తక్కువ చేయను.

కానీ ఆ తరంలోనే లూ షున్ అనే మహా రచయిత ఈ అప్పు మాటల కథంతా రాసిపెట్టాడు. 1925 నాటి 'షాంగ్‌షి' కథ. ఇంగ్లీషులో 'రిగ్రెట్ ఫర్ ద పాస్ట్' పేరుతో దొరుకుతుంది. జువాన్‌షెంగ్, జిజున్ అనే ఇద్దరు యువతీయువకులు ఇబ్సెన్, టాగోర్, షెల్లీల గురించి మాట్లాడుకుంటూ ప్రేమలో పడతారు. అతను తన ప్రేమని ప్రకటించాల్సిన క్షణంలో ఏం చెయ్యాలో తోచక, సినిమాలో చూసినట్టు కన్నీళ్ళతో ఆమె చెయ్యి పట్టుకుని ఒక మోకాలి మీద కూర్చుంటాడు. తర్వాత అది తల్చుకుంటేనే అతనికి సిగ్గు. ఆమెకి మాత్రం ఆ రోజు అతనన్న ప్రతి మాటా కంఠతా. పాఠం అప్పజెప్పించుకున్నట్టు మళ్ళీ మళ్ళీ గుర్తుచేయిస్తుంది. ప్రకటన బ్రహ్మాండంగా జరిగింది. తర్వాత ఉద్యోగం పోయింది, డబ్బు అయిపోయింది, రోజువారీ బతుకులో ఒకరితో ఒకరు ఎలా ఉండాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి అతను నిజాయితీ పేరుతో నువ్వంటే ప్రేమ లేదని ఆమెకి చెప్పేస్తాడు. ఆమె తండ్రి ఇంటికి వెళ్ళిపోయి చనిపోతుంది. ప్రేమ ఉందని చెప్పడమూ అప్పు మాటే, లేదని చెప్పడమూ అప్పు మాటే. వందేళ్ళ క్రితం లూ షున్‌కి అర్థమైంది మన పాఠాలు రాసేవాళ్ళకి ఇంకా ఎక్కలేదు.

మన కాలానికొస్తే షావ్‌లూ గువో 2007లో ఇంగ్లీషులో రాసిన 'ఎ కన్సైజ్ చైనీస్-ఇంగ్లీష్ డిక్షనరీ ఫర్ లవర్స్' అనే నవల ఉంది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి లండన్ వచ్చిన చైనా అమ్మాయి కథ. విరిగిన ఇంగ్లీషులో మొదలై పేజీలు గడిచేకొద్దీ భాష కుదుటపడుతుంది. అందులో ఆమె ఒకతనితో నీ ఇల్లు చూడాలనుంది అంటే, అతను 'బి మై గెస్ట్' అంటాడు. ఓ, దానికేం అన్నట్టు. ఆమె దాన్ని ఆహ్వానం అనుకుని సామాన్లు సర్దుకుని అతనింటికి మారిపోతుంది. చదివేటప్పుడు నవ్వొస్తుంది. నవల పూర్తయ్యేసరికి నవ్వు ఉండదు. ఆమె ఇంగ్లీషు బాగుపడుతూ ఉంటుంది, వాళ్ళిద్దరి మధ్య దూరం పెరుగుతూ ఉంటుంది. భాష పెరిగితే ప్రేమ పెరుగుతుందన్న లెక్కకి ఇంతకంటే మంచి జవాబు నేను చదవలేదు.

పరాయి భాషలో చెప్పడం తేలిక అన్న వాదన కూడా ఉంది. నిజమే. భాషావేత్త జాన్-మార్క్ డెవాలె చాలా భాషలు తెలిసినవాళ్ళని 'ఐ లవ్ యూ' ఏ భాషలో బరువుగా అనిపిస్తుందని అడిగి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. అందరికీ కాదు కానీ దాదాపు సగంమందికి మొదటి భాషలోనే బరువెక్కువ. ఈ సంగతి తెలుగు సినిమా చూసినవాడికి పరిశోధన లేకుండానే తెలుసు. మన హీరో ఎన్ని పేజీల డైలాగులైనా తెలుగులో చెప్తాడు, అసలు మాట దగ్గరికొచ్చేసరికి 'ఐ లవ్ యూ' అంటాడు. మావాడు ఒకసారి నన్నడిగాడు, మీ భాషలో ఎలా చెప్తారని. ఆలోచించి "ఐ లవ్ యూ అనే చెప్తాం" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. 'నిన్ను ప్రేమిస్తున్నాను' అంటే డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. బరువు తగ్గించుకోవడానికి మనమూ పరాయి మాటనే వాడుకుంటున్నాం. తప్పేం లేదు. కానీ బరువు తగ్గింది నీ చేతిలోనే, అవతలివాళ్ళ చేతిలో ఎంత బరువు పడుతుందో నీకు తెలియదు. అది నేర్పకుండా వాక్యం చేతికిస్తే మనిషిని సగం దారిలో దింపేసినట్టే.

మరి ఏం నేర్పాలి?

మొదట చెవికి నేర్పాలి, తర్వాత నోటికి. 'ఐ లైక్ యూ' ఎలా అనాలో చెప్పేముందు, అవతలివాళ్ళు ఇంగ్లీషులో కాదు అనకుండా కాదు అని ఎలా చెప్తారో నేర్పాలి. యూ ఆర్ స్వీట్, ఐ వాల్యూ అవర్ ఫ్రెండ్షిప్, ఈ నెల కాస్త బిజీ. చైనీస్ వాళ్ళకి ఇది కష్టమేం కాదు. చుట్టుతిప్పి కాదనడం వాళ్ళకి ఇంటి విద్య. ఇంగ్లీషువాళ్ళు సూటిగా మాట్లాడతారన్న అపోహ ఒక్కటి తీసేస్తే చాలు, మిగిలింది వాళ్ళే పట్టుకుంటారు.

రెండోది, ఇంగ్లీషులో 'లవ్' ఎంత చవకో నేర్పాలి. ఐ లవ్ యువర్ షూస్ అంటారు, ఐ వుడ్ లవ్ టు అంటారు. ఆ నోటితోనే ఎవరికైనా మొదటిసారి 'ఐ లవ్ యూ' అనడానికి నెలల తరబడి నలిగిపోతారు. ఒకే మాటకి రెండు ధరలు. ఏ అంగట్లో ఏ ధరో చెప్పని పాఠం పాఠమే కాదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఇంగ్లీషులో కూడా ఆప్యాయత ఎక్కువ భాగం ఆ ఇరవై వాక్యాల బయటే ఉంది. టెక్స్ట్ మీ వెన్ యూ గెట్ హోమ్. డిడ్ యూ ఈట్? ఐ సేవ్డ్ యూ ఎ సీట్. ఐ సా దిస్ అండ్ థాట్ ఆఫ్ యూ. నీకోసం సీటు ఆపాను, ఇది చూస్తే నువ్వు గుర్తొచ్చావు. అమెరికాలో రెండేళ్ళున్నాను, మనుషులు ఒకళ్ళకొకళ్ళు నిజంగా ఇష్టమని నాకు తెలిసింది ఇలాంటి మాటల వల్లే. ఇవి ఏ జాబితాలోనూ లేవు. వింత ఏంటంటే చైనీస్ మాట్లాడేవాళ్ళు ఇవన్నీ రోజూ తమ భాషలో అంటూనే ఉన్నారు. ఇల్లు చేరాక చెప్పు, తిన్నావా, చలిగా ఉంది ఇంకో చొక్కా వేసుకో. ఆ పాఠం రాసినవాడు ఒక్కమాట చెప్పి ఉంటే చాలు: నీకు తెలిసిందే ఇంగ్లీషులో కూడా పనికొస్తుంది, ముందు అక్కడ మొదలుపెట్టు అని. దానికి బదులు, నీ దగ్గర ఏమీ లేదు, ఈ ఇరవై కంఠస్తం చెయ్యి అన్నాడు.

నా కోపం అంతా చివరికి ఈ ఒక్క విషయం మీదే. వాక్యాలు తప్పు పడితే మూడు వారాలు బాధపడి సర్దుకుంటాం. తన ఇంట్లో ఇన్నాళ్ళూ విన్నది ప్రేమ భాష కాదేమో అన్న అనుమానం ఒకసారి పడితే అది అంత తొందరగా పోదు. ఆ అనుమానంతోనే పిల్లలు కెమెరా పెట్టి అమ్మకి ఫోన్ చేస్తారు. ఆ అనుమానంతోనే నేను పప్పు మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి నవ్వాను.

మావాడి విషయానికొస్తే, ఆ రోజు "మరి ఫాండ్ అంది కదా?" అని అడిగినప్పుడు విడమర్చి చెప్పాను. అంతా విని, "నీకు ముందే తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. ఇంకేం అనలేదు, తన డబ్బాలోంచి నాకు రెండు డంప్లింగ్స్ వేసి తినమన్నాడు. ఎవరైనా ఈ విషయం మీద సరైన పాఠ్యపుస్తకం రాస్తే మొదటి కాపీ వాడికి పంపండి. రెండోది నాకు. తెలిసి కూడా "బానే ఉంది" అని అన్నం కలుపుకున్నవాడికి ఏ భాషలోనూ పాఠం పూర్తి కాలేదు.